దశముని తలగాయము – ములుబాగిలు సీమలో ఆత్మవిచారము

కోలారు మండలమునందలి ములుబాగిలు తాలూకాలో బైరకూరు ఒక హోబళి కేంద్రము. ఆంధ్రదేశపు సరిహద్దునకు చేరువనున్న ఈ పల్లెపట్టులలో ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడము. తెలుగు మాటలాడు సీమలన్నింట వలెనే ఇచ్చటను పరమానందయ్య శిష్యుల కథలు వినని బాలుడుండడు. శిష్యులు పన్నిద్దరు ఏరు దాటుదురు. ఆవలి గట్టు చేరి ఒకడు తక్కినవారిని లెక్కించును. తన్ను లెక్కింప మరచును. పదునొకండుగురే తేలిరని గుండెలు బాదుకొనును. రెండవవాడును లెక్కించును, వానికిని పదునొకండే. బాటసారి యొకడు వచ్చి లెక్క సరిచేయుదాక ఆ గుంపు మునుగని వానికై విలపించును. జీవనది యొక్కటియు లేని కోలారు సీమలో, చెరువుల నీటిపై బ్రదుకు సాగించు జనులకు, ఏరు దాటిన కథ ఇంత ప్రీతిపాత్రమగుట వింతయే. అయినను ఈ కథకు ఈ నేలతో గల సంబంధము ఏటి నీటికంటె లోతైనది.

పిల్లలను నవ్వించు ఈ కథయే వేదాంత గ్రంథములలో పెద్దలను ఆలోచింపజేయు దృష్టాంతమై యున్నది. అందు శిష్యులు పన్నిద్దరు కారు, పదుగురు. లెక్కకు రానివాడు పదవవాడు, అనగా 'దశముడు'. శంకర భగవత్పాదుల ఉపదేశసాహస్రియందు ఈ దృష్టాంతము కలదు. విద్యారణ్యుల పేర ప్రసిద్ధమై, కొందరి మతమున భారతీతీర్థులకును కర్తృత్వమున పాలుగల పంచదశిలో, ఏడవదియగు తృప్తిదీప ప్రకరణమున ఇది మిక్కిలి విస్తరించినది. 'నీవే దశముడవు' అను ఆప్తవాక్యము వినినంతనే వెదకువాడు వెదకబడువాడు నొక్కడే యని తెలియును. అట్లే 'తత్త్వమసి' యను మహావాక్యము వినిన జీవునకు తాను బ్రహ్మమేయని తెలియునని తాత్పర్యము.

ఈ మహావాక్యమును గూర్చిన వివాదమునకు ములుబాగిలు పేరు పరంపరలో ముడివడి యున్నది. 14వ శతాబ్దిలో మధ్వాచార్యుల శిష్యులగు అక్షోభ్యతీర్థులకును విద్యారణ్యులకును ఇచ్చట వాదము జరిగెననియు, ఇరువురి వాదములును వేదాంతదేశికుల కడకు తీర్పునకై పంపబడెననియు, తీర్పు అక్షోభ్యులకు అనుకూలమయ్యెననియు మాధ్వులు చెప్పుదురు. ములుబాగిలు కడనున్న యొక స్తంభమును దానికి సాక్ష్యముగా చూపుదురు. అద్వైతుల పరంపర దీనికి విపరీతముగ చెప్పును. పరంపరాగతములగు ఇట్టి కథలను చరిత్రముగా స్థాపించుట ఇచ్చట ఉద్దేశము కాదు. కన్నడమున 'మూడల బాగిలు', అనగా తూర్పు వాకిలి, అను పేరుగల ఈ యూర జీవుడు సత్యమా మిథ్యయా యను ప్రశ్న పట్టుదలతో చర్చింపబడెననుట మాత్రము నిస్సందేహము. 15వ శతాబ్దిలో ఇచ్చటి నరసింహతీర్థమున నెలకొనిన శ్రీపాదరాజులు జయతీర్థుల న్యాయసుధకు వాగ్వజ్రమను వ్యాఖ్య రచించిరి. న్యాయామృతకర్తయగు వ్యాసతీర్థులు వారి కడ విద్యాభ్యాసము చేసిరి. ఈ సీమలోనే ఆవని యందు శృంగేరి పరంపరకు చెందిన అద్వైత మఠమును కలదు. ఒకే తాలూకాలో ఇరుపక్షముల వారును మఠములు నెలకొల్పుకొనిరి. ఆ మఠముల చుట్టునున్న పల్లెలలో జనులు పరమానందయ్య శిష్యుల కథ చెప్పుకొనుచు నవ్వుకొనిరి.

దృష్టాంతమును విమర్శించుటకు ముందు పంచదశికారుడు దానిని ఎట్లు విభజించెనో చూడవలెను. ఆయన దశమునకు ఏడు అవస్థలు చెప్పును. తానే దశముడైనను ఎరుగకుండుట అజ్ఞానము. దశముడు కానరాడు, లేడు అనుట ఆవరణము. దశముడు మునిగెనని ఏడ్చుట విక్షేపము. దశముడున్నాడని ఆప్తుడు చెప్పగా నమ్ముట పరోక్షజ్ఞానము. తానే దశముడని తెలియుట అపరోక్షజ్ఞానము. పిదప శోకనివృత్తి, తుదకు తృప్తి. ఇంతవరకు పండితులెల్లరును చెప్పుకొనునదే. కాని అదే ప్రకరణమున మరికొంత దూరమున గ్రంథకర్త అల్పముగా తోచు ఒక ముచ్చటను ఉంచినాడు. దశముడు మునిగెనని తల బాదుకొని ఏడ్చినవాడు, తానే దశముడని తెలిసినంతనే ఏడ్పు మానును. కాని బాదుకొనిన తలమీది గాయము ఆ క్షణమున మానదు, నెలనాళ్లకు మెల్లమెల్లగా మానును. జ్ఞానికిని ప్రారబ్ధకర్మము అనుభవించియే తీరవలెననుటకు ఇది దృష్టాంతము.

ఆత్మవిచారమునకు ఈ గాయమే నిజమైన గీటురాయి. మునిగినవాడు మిథ్య, వాడెన్నడును లేడు. వానికై ఏడ్చినవాడు సత్యుడో మిథ్యయో సిద్ధాంతుల వాదమునకు విషయము. తలమీది గాయమో, మిథ్యయగు నష్టమునుండి పుట్టియు నెలనాళ్లు నొప్పి పెట్టునట్టిది. కావున 'ఆత్మ కలదా, భ్రమయా' యను ప్రశ్న ఒక్కటిగా కనబడినను దానియందు మూడు ప్రశ్నలు కలిసియున్నవి: పోయినదని తలచినది యేది? తలచినవాడెవ్వడు? గాయము ఎవరిది? మొదటి రెంటికి ప్రతి మతమునను సిద్ధమైన సమాధానము కలదు. మూడవదాని కడనే వాని బలాబలములు తేలును.

అద్వైతి గాయమును మరువలేదు. అది ఆ సిద్ధాంతమునకు గొప్ప గౌరవము. దుఃఖము చిదాభాసునిది, అనగా బుద్ధిలో తోచు చైతన్యపు నీడది, సాక్షికి అంటదు, దేహమున్నంతవరకు ప్రారబ్ధము నడచును అని ఆయన చెప్పును. ఈ సమాధానము జ్ఞానిని గూర్చి పలుకునంతవరకు నిర్దుష్టము. ఏలయనగా జ్ఞాని తన గాయమును తానే చూచి, ఇది నన్నంటదని పలుకుచున్నాడు. ఇరుగుపొరుగువాడు అదే వాక్యమును గాయపడినవానితో పలికినచో అర్థము మారును. నీ నొప్పి నీడకు చెందినది, నీకు కాదు అని మరియొకడు చెప్పుట ఉపదేశమగునా, నిర్దయ యగునా? దృష్టాంతములోని ఆప్తుడు 'నీవే దశముడవు' అని మాత్రమే అనెను. 'నీ తల పగులలేదు' అనలేదు. అద్వైత గ్రంథములోని ఈ సున్నితమును దానిని వల్లించువారు పలువురు గమనింపరు.

ద్వైతి గాయమునుండియే తన వాదమును ఆరంభింపగలడు. మధ్వమతమున సాక్షి యనగా జీవుని స్వరూపమైన జ్ఞానేంద్రియము. మనస్సు పొరబడవచ్చును, సాక్షి పొరబడదు. సుఖదుఃఖములు సాక్షికి నేరుగ తెలియును. ఈ విభాగముతో చూచినచో దశముని కథ చక్కగా విడివడును: లెక్క మనస్సు చేసినది, తప్పినది, నొప్పి సాక్షి తెలిసినది, తప్పలేదు. లెక్క తప్పెను గావున లెక్కించినవాడే లేడనుట అవివేకము. పైగా లెక్క సరియగుటకు పదుగురును వేర్వేరుగ నుండవలెను. అందరును ఒక్కడేయైనచో పది యనునదే సిద్ధింపదు. జీవునికిని ఈశ్వరునికిని, జీవునికిని జీవునికిని భేదము చెప్పు మతమునకు ఈ కథ ఇట్లు వశమగును. అయినను ఒక లోటు కలదు. ఏడ్చినవాని నొప్పికి సాక్షి ప్రమాణమే. ఆ నొప్పికి కారణమో, ఎన్నడును జరుగని మరణము. నొప్పి కలదని సాక్షి చెప్పగలదు గాని, నొప్పిపడుచున్న తానెవ్వరో, ఎన్నవవాడో చెప్పలేకపోయెను. అందులకు బయటి మనుష్యుడు రావలసివచ్చెను.

బౌద్ధుని చూపు మరియొక విధమైనది. నాగార్జునుని మూలమధ్యమకకారికలలో 27 ప్రకరణములు కలవు. అందు 18వది ఆత్మపరీక్ష. ఆత్మ స్కంధములే యైనచో వానివలె పుట్టి గిట్టవలెను; వానికి వేరైనచో వాని లక్షణములు దానికి ఉండరాదు అని ఆయన ఇరువైపులను మూయును. దశముని కథను ఈ చూపుతో చదివినచో ఆశ్చర్యకరమగు విషయము బయటపడును. దశముడను మనుష్యుడు ఆ గుంపులో ఎవ్వడును లేడు. ఎవ్వడు లెక్కించిన వాడే ఆ సారికి దశముడు. మరియొకడు లెక్కింపగా దశమత్వము వానికి మారును. అది లెక్కలోని చోటే గాని మనుష్యుని స్వరూపము కాదు. 'నేను' అను మాటయు అట్టిదే. పలికినవానికెల్ల చెందును, ఒక్కరికిని సొంతము కాదు. మరి గాయమో? నొప్పికి యజమాని లేకున్నను అది నొప్పియే గావున మాన్పదగినదని శాంతిదేవుడు బోధిచర్యావతారమున వాదించెను. ఇది ఉదారమైన వాదము. కాని చేసినవాడొకడు, అనుభవించువాడొకడు అగునా యను కర్మఫల ప్రశ్నకు బౌద్ధులు దీపజ్వాల వంటి సంతతిని చెప్పి తృప్తి పడవలసివచ్చెను. తల బాదుకొనిన చేయియు, పగిలిన తలయు ఒక్కనివే యనుటలో గల బరువు సంతతి యను మాటలో కొంత తేలికయగును.

తెలుగున పుట్టిన అచలమతము ఇంకను ముందునకు పోయినది. శివరామదీక్షితుల బృహద్వాసిష్ఠము మొదలుకొని వ్యాపించిన ఈ మతమున 'ఎరుక' యనునదే మిథ్య. జీవుడును ఈశ్వరుడును ఎరుకలోనివారే. ఎరుకకు అందని పరిపూర్ణమగు బయలొక్కటే సత్యము. శాస్త్రభాషకు దూరమగు జనులు తంబూర మీటుచు, తేటతెలుగున ఇంత కఠినమైన నిరాకరణమును పాడుకొనుట తెలుగు పల్లెల ప్రత్యేకత. సంస్కృతము రానివారు ఆత్మ ప్రశ్నను చర్చింపలేదనుట పొరపాటని ఇందువలన స్పష్టము.

ఇక కథను దాని జానపద రూపమున చూడవలెను. 18వ శతాబ్దిలో తమిళదేశమున నివసించిన ఇటలీ మతాచార్యుడు బెస్కీ వ్రాసిన పరమార్థగురు కథలో బాటసారి లెక్క సరిచేయు తీరు గమనింపదగినది. వాడు గురువును శిష్యులను వరుసగా నిలిపి ఒక్కొక్కని వీపున దెబ్బ వేయును. దెబ్బ తిన్నవాడు తన పేరు అరచి చెప్పవలెను. లెక్క తప్పక సరిపోవును. వేదాంతమున గాయము అజ్ఞానము వలన కలిగినది; హాస్యకథలో దెబ్బయే జ్ఞానమునకు సాధనము. కన్నులతో లెక్కించునపుడు ప్రతివాడును తన్ను మరచెను. దెబ్బ తగిలినపుడు ఎవ్వడును తన్ను మరువలేదు. చూపు పరులపైకి పోవును. నొప్పి తనకడనే నిలుచును. ఈ కథ చెప్పిన పామరులు ఆత్మకు లక్షణము చెప్పబూనలేదు. ఆత్మ ఎచ్చట దొరకదో, ఎచ్చట దొరకునో మాత్రము చూపిరి.

ఈ సూక్ష్మము తెలుగు వ్యాకరణముననే కలదు. లెక్కించునపుడు తెలుగువాడు 'నేను లెక్కించితిని' అనును. నొప్పి కలిగినపుడు 'నేను నొప్పితిని' అనడు. 'నాకు నొప్పిగా నున్నది' అనును. నాకు ఆకలియైనది, నాకు నిద్ర వచ్చినది, నాకు భయము వేసినది, నాకు తెలిసినది: ఇట్లు అనుభవము చెప్పునపుడు చాలవరకు తెలుగు ప్రథమను విడిచి 'కు' ప్రత్యయమును గ్రహించును. కన్నడమున 'ననగె నోవు', తమిళమున 'ఎనక్కు వలి' యనుటయు ఇట్టిదే. బైరకూరు ప్రాంతమున రెండు భాషలు మాటలాడువాడు ఏ భాషకు మారినను ఈ విభక్తి మారదు. సంస్కృతమునందలి 'అహం దుఃఖీ' యను వాక్యమున దుఃఖము అహమునకు విశేషణమై అంటుకొనును. ఆ అంటును విడదీయుటకే అధ్యాసవిచారము అవసరమయ్యెను. తెలుగు వాక్యమున దుఃఖము వచ్చునది, 'నాకు' అనునది అది చేరు చోటు. అంటు మొదటనే వదులుగా నున్నది. కర్తయగు 'నేను' వేరు, భోక్తయగు 'నాకు' వేరు అను భేదము పామరుని నోట దినదినము పలుకుచునే యున్నది. 'నేను దుఃఖిని' యని వ్రాయు వేదాంత వచనము సంస్కృతపు ప్రశ్నను తెలుగున దించుచున్నది గాని తెలుగు ప్రశ్నను అడుగుట లేదు. కథకు ఈ వెలుగున చెప్పదగిన అర్థమిది: లెక్కలో తప్పిపోయినది 'నేను', దెబ్బలో దొరకినది 'నాకు'.

దీనికి పాశ్చాత్యుల ఆక్షేపణమును వినదగినది. తన లోనికి చూచినపుడెల్ల ఏదో యొక వేడియో చలియో ప్రీతియో ద్వేషమో కనబడునే గాని 'తాను' కనబడుట లేదని స్కాట్లండు తత్త్వవేత్త హ్యూము 1739లో వ్రాసెను. ఆయన లెక్కించిన శిష్యుని వంటివాడు. లెక్కకు వచ్చినవన్నియు చెప్పెను. 1984లో పార్ఫిట్ వ్యక్తి యొక్క ఏకత్వము అంత ముఖ్యము కాదనియు, మనస్సంబంధముల కొనసాగింపే ముఖ్యమనియు వాదించెను. వీనికంటె బలమైన ఆక్షేపణము వైద్యులది. 1928లో షిల్డరు, స్టెంగెలు అను వైద్యులు ఒక వింత స్థితిని వర్ణించిరి. మెదడున కొంత భాగము చెడిన రోగులకు సూదిపోటు నొప్పియని తెలియును. కాని ఆ నొప్పి తమను బాధించునట్లు తోచదు, చేయి వెనుకకు తీసికొనరు. నొప్పి కలదు, 'నాకు' లేదు! అట్లయినచో నొప్పి ఆత్మను స్థాపించునను మాటయు నిత్యసత్యము కాజాలదు. 'నాకు' అనునదియు ఏర్పడునది, చెడునది, ఆధారము గలది. ఇది ఒప్పుకొనవలసినదే. అయినను ఆ రోగులను ఎవ్వరును ముక్తులనలేదు. వారిని అపాయమునుండి కాపాడుటకు ఇతరులు పూనుకొనవలెను. 'నాకు' అనునది నశించినచోట దాని పనిని మరియొకరు చేయవలసి వచ్చుట దాని విలువకు ప్రమాణము.

ఈ చర్చను ఈ సీమ కవి మార్గమున పరీక్షించుట యుచితము. 2007లో చిక్కబళ్లాపుర మండలము ఏర్పడుదాక కోలారు మండలమున చేరియుండిన కైవారమున నారాయణప్ప వెలసెను. ఆయన 1726 మొదలు 1836 వరకు జీవించెనని భక్తులు చెప్పుదురు. గాజులమ్ముట ఆయన వృత్తి. తెలుగునను కన్నడమునను ఆయన రచనలు కలవు. అందు అమరనారేయణ శతకము ప్రసిద్ధము. కైవారమందలి దేవుడు అమరనారాయణుడు. కవి పేరు నారాయణుడు. కావున ఆయన ముద్రలో 'నారేయణ' యని వినబడినపుడు, పిలుచువాని పేరును పిలువబడువాని పేరును ఒక్కటే యగుచున్నవి. అద్వైతి ఇది ఐక్యమనును. ద్వైతి దాసుడు స్వామి నామమును ధరించుట యనును. ముద్ర రెంటికిని చోటిచ్చి ఊరకుండును. వేమన తన పద్యముల చివర తన్నే శ్రోతగా నిలిపి పిలుచుకొనుటయు ఇట్టిదే. ఈ కవులు పరులకు చెప్పు కఠినమగు మాటను మొదట తమ పేరికి తగిలించిరి. శతకముల మకుటము అలంకారమాత్రము కాదు. బోధించువాడు లెక్కలో తన్ను విడువకుండుటకు ఏర్పరచుకొనిన కట్టుబాటు.

దీనినుండి ఒక నియమము తేలుచున్నది. ఆత్మ మిథ్యయను మాట తన్ను గూర్చి తాను పలుకదగినది. పరుని గూర్చి పలుకదగనిది. తన గాయమును మిథ్యయని సహించువాడు విరాగి. పరుని గాయమును మిథ్యయని పలుకువాడు లెక్కలో తన్నును మరచి, ఎదుటివానినిని మరచినవాడు. అప్పు తీర్పలేని రైతుతోను, కూలి దొరకని కూలివానితోను అంతయు మాయయని చెప్పుట ఊరికి సులభము. చెప్పువాని పొలమును ఆ మాయలో చేర్పకుండుటయు అంతే సులభము. వేదాంతమునకు లోకమున వచ్చిన అపకీర్తి సిద్ధాంతము వలన వచ్చినది కాదు, ఈ విభక్తి దోషము వలన వచ్చినది. 'నాకు లేదు' అనవలసినచోట 'నీకు లేదు' అనుట వలన వచ్చినది.

ములుబాగిలు వాదమున గెలిచినవారెవ్వరైనను, గెలుపు ఓటములు 'దశముడెవ్వడు' అను ప్రశ్నకు చెందినవి. గాయము సంగతి పంచదశికారుడు ఒక్క ముచ్చటలో చెప్పి ముందునకు సాగెను. పల్లెకథ దానిని వీపుమీద దెబ్బగా నిలుపుకొనెను. తత్త్వము ఏదైనను గాయము మానుటకు నెల పట్టును. ఆ నెలనాళ్లును ఎవరో కట్టు కట్టవలెను. ఆ కట్టువానికి దశముడు సత్యమా మిథ్యయా యని తేల్చుకొనునంత తీరిక ఉండదు.